నీరూ నోరూ: కొత్త ఏలికల కింద కృష్ణా డెల్టా

సాయంత్రం పూట ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఒక చేతి పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో చేతి పక్క సీతానగరం కొండ కనిపిస్తాయి. విజయవాడ వైపు ఒడ్డున నది నుంచి విడివడిన నీళ్ళు ఊళ్ళోకి దిగి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అని మూడు పాయలవుతాయి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం కాలువ అంటే కొండలా ఎప్పుడూ ఉన్నదే అనుకుంటాం. ఈ కాలువలు వచ్చి నూట డెబ్బై ఏళ్ళే అయింది. అవి రావడానికి ముందు కొత్త ఏలికల కింద మరో తొంభై ఏళ్ళు గడిచాయి. ఆ తొంభై ఏళ్ళ కథ మనం సాధారణంగా చెప్పుకోం. కాటన్ దొర వచ్చాడు, ఆనకట్ట కట్టాడు, అన్నం పెట్టాడు అని మూడు ముక్కల్లో ముగిస్తాం.

యుద్ధాలతో చితికిన నేల మీదికి కొత్త ఏలిక వస్తే ఆ నేల ఎలా కోలుకుంటుంది, ఎదిరించేవాళ్ళు ఏమవుతారు అన్న ప్రశ్న ఇవాళ లోకమంతా అడుగుతోంది. 2021 ఆగస్టులో కాబూల్ చేతులు మారినప్పుడు అడిగారు. 2024 డిసెంబరులో డమాస్కస్ నుంచి అసద్ పారిపోయినప్పుడూ అడిగారు. మనం దాన్ని దూరదేశాల సంగతిగా వింటాం గానీ, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి బందరు కోట, కొండపల్లి, అమరావతి, బెజవాడ చాలు.

ఒకే నేల, ముగ్గురు దొరలు

పద్ధెనిమిదో శతాబ్దం నడిమికి కృష్ణ, గోదావరి తీరం ఐదు సర్కార్లుగా ఉండేది: చికాకోలు, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం అనే కొండపల్లి, ముర్తజానగరం అనే గుంటూరు. నిజాం గద్దె కోసం జరిగిన కుమ్ములాటలో తనకు తోడు నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైన్యం ఖర్చు కింద, సలాబత్ జంగ్ 1753లో వీటిలో నాలుగు సర్కార్లు రాసిచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట బూడిదైంది. మరుసటి ఏడు చివర చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడారు. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న బందరు కోట మీదికి లగ్గలెక్కాడు. కోటలో ఉన్నవాళ్ళు ముట్టడించినవాళ్ళకంటే ఎక్కువ. కాపాడడానికి వస్తున్న సలాబత్ జంగ్ సేన అప్పటికి బెజవాడ దాకా వచ్చేసింది. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువాళ్ళదైంది. సలాబత్ జంగ్ వచ్చిన దారినే మనసు మార్చుకుని, నెల దాటగానే అదే ఇంగ్లీషువాళ్ళతో ఒడంబడిక చేసుకుని బందరు సీమ అప్పజెప్పాడు.

1765 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలం చేత ఈ సర్కార్లకు ఫర్మానా రాయించుకున్నాడు. నేల మీద అధికారమే లేని పాదుషా ఇచ్చిన కాగితం అది. 1766 మార్చిలో కొండపల్లి కోట పట్టుకున్నాక ఆ కాగితానికి విలువ వచ్చింది. ఆ నవంబరులో, అప్పటికి గద్దె మీదున్న నిజాం అలీతో హైదరాబాదులో ఒడంబడిక కుదిరింది. కంపెనీవాళ్ళు ఏటా కప్పం కడతామన్నారు, కావలసినప్పుడు పటాలం పంపుతామన్నారు. ఈ బేరంలో మధ్యవర్తి మన తెలుగువాడే, కాండ్రేగుల జోగిపంతులు. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కింద ఉండి, ఆయన పోయిన ఆరేళ్ళకు 1788లో కంపెనీకి దక్కింది. నిజాం హక్కు పూర్తిగా తెగింది 1823లో.

బందరులో ఇప్పటికీ ఫరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. ఫరాసులు ఫ్రెంచివాళ్ళు, వలందులు హాలెండువాళ్ళు. ఆటోవాణ్ణి అడిగితే మూడింటికీ తీసుకెళతాడు. జెండాలు మారినప్పుడల్లా ఊరికి ఒక పేట కలిసింది. ఆ పేటల్లో నేసే మగ్గం, పొలంలో నడిచే నాగలి మాత్రం ప్రతి జెండాకూ శిస్తు కట్టాయి.

కత్తి, కవిలె, కాలు

కొత్త దొరను ఈ సీమ మూడు రకాలుగా ఎదిరించింది.

మొదటిది కత్తి. జమీందారుకు కోట ఉండేది, సొంత సిబ్బంది ఉండేది. సర్కారుకు పేష్కస్, అంటే కప్పం, కట్టడమా, ఎగ్గొట్టడమా అన్నది ఆ ఏటి బలాబలాలను బట్టి తేలేది. 1780ల్లో నూజివీడు అప్పారావులు తిరగబడ్డారు, కోట మీదికి కంపెనీ పటాలాలు వెళ్ళాయి. చివరికి 1802లో ఆ జమీ నూజివీడు, నిడదవోలు అని రెండు ముక్కలైంది. ముప్పాతిక శతాబ్దం తర్వాత వారసుల దావా లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళితే, పాత జమీ ఏనాడో పోయింది, 1802లో ఇచ్చింది కొత్త సనదు అని తీర్పు వచ్చింది. కోట మీద గెలిచిన దొర చరిత్రను కూడా తన కాగితం రాసిన రోజు నుంచే లెక్కగట్టాడన్నమాట.

కత్తి దించినవాళ్ళ సంగతి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కథలో ఉంది. 1783 నుంచి 1816 దాకా ఏలినవాడు. చింతపల్లి విడిచి కృష్ణ ఒడ్డున అమరావతి కట్టుకున్నాడు. కంపెనీ ఆయన సిబ్బందిని తీసేసి, పోలీసు అధికారం లాక్కున్నాక రాజుకు మిగిలింది ధర్మం, దర్జా. అవి రెండూ గుళ్ళ రూపంలో పైకి లేచాయి. మంగళగిరి లక్ష్మీనరసింహుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, ఆయన కట్టించిందే. యుద్ధం చేసే వీలు లేని రాజు ఆకాశం వైపు కట్టుకుంటూ పోయాడని ఆ గోపురం కింద నిలబడినప్పుడల్లా అనిపిస్తుంది. ఆ కొత్త ఊరికి రాళ్ళు కావలసి దీపాలదిన్నె తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. ఆయన పోయాక దత్తపుత్రులిద్దరూ కోర్టుకెక్కారు, ఏళ్ళ తరబడి సాగిన దావాలో జమీ కరిగిపోయింది. కత్తి మొదట గోపురమై, తర్వాత వకాల్తానామా అయింది.

రెండోది కవిలె, అంటే కరణం లెక్కల పుస్తకం. దీని గురించి గట్టిగా చెప్పినవాడు అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్. 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా పాలన మీద ఆయన పుస్తకం 1965లో వచ్చింది. కలెక్టరు ఒక్కడు, భాష రాదు, వచ్చిపోయేవాడు. కచేరీలో సిరస్తాదారు, ఊళ్ళో కరణం మాత్రం తరాల తరబడి అక్కడే ఉంటారు. ఏ చెక్క ఎవరి సాగులో ఉందో, ఏ మాన్యం ఎవరి పేర నడుస్తోందో కరణం కవిలెలో తప్ప ఎక్కడా లేదు. సర్కారు పునాదిని చెదలు లోపల్నుంచే తినేసిందంటాడు ఫ్రైకెన్‌బర్గ్. 1840ల నడుమ విచారణకు వచ్చిన వాల్టర్ ఇలియట్ ఈ లెక్కల పుట్ట తవ్వాడు. చిత్రమేమిటంటే అదే ఇలియట్ అదే కాలంలో అమరావతి దిబ్బా తవ్వించాడు. ఆయన తీయించిన చలవరాళ్ళు ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాళ్ళు లండను చేరాయి, లెక్కలు మాత్రం కరణం దగ్గరే ఉండిపోయాయి.

దీన్ని ఎదిరింపు అనాలా, లంచగొండితనం అనాలా? నా మటుకు రెండూ అంటాను. సర్కారు రాబడి దారి మళ్ళింది నిజమే, కానీ ఆ మళ్ళినది పేద రైతు ఇంటికి వెళ్ళలేదు. ఊరి పెద్దల ఇళ్ళకు వెళ్ళింది. కొత్త ఏలికకు ఎదురు నిలిచే ప్రతివాడూ జనం పక్షాన ఉన్నట్టు కాదు. ఈ మాట కాబూల్‌కూ వర్తిస్తుంది.

మూడోది కాలు. ఆయుధం గానీ అక్షరం గానీ లేని రైతుకు మిగిలింది కాళ్ళే. శిస్తు మోయలేనప్పుడు రాత్రికి రాత్రి బండి కట్టుకుని నిజాం ఇలాకాలోకి దాటేసేవాడు. దున్నేవాడు లేని పొలం మీద శిస్తు రాదు కనుక ఈ ఎదిరింపు దొరకు బాగా తగిలేది. ఆ రోజుల్లో కరువైంది భూమి కాదు, సేద్యగాడు.

కోలుకోవడం ఎప్పుడు మొదలైంది?

ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి.

మొదటి జవాబు కంపెనీది: శాంతి, చట్టం వచ్చిన రోజే కోలుకోవడం మొదలైంది. 1802తో మొదలుపెట్టి ఇక్కడ శాశ్వత పైసలా చేశారు. రాబడిలో మూడింట రెండు వంతులు పేష్కస్ అని ఖాయం చేశారు. కంపెనీ చేతిలో ఉన్న హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. శాంతి వచ్చిన మాట నిజం, మళ్ళీ ఈ సీమలో కోట ముట్టడి లేదు. కానీ ముఠాదార్లు కొద్ది ఏళ్ళలోనే దివాలా తీశారు, జమీలు బాకీల్లో పడ్డాయి. వాన కురిసినా కురవకపోయినా కిస్తీ మారదనే ఒప్పందం, వాననే నమ్ముకున్న నేల మీద నిలవలేదు.

రెండో జవాబు వర్తకం. బందరు అద్దకం ఒకప్పుడు పారశీకం దాకా, యూరపు దాకా వెళ్ళింది. పెడన కలంకారీ దాని వారసురాలే. మాంచెస్టరు మరబట్ట దిగాక మన మగ్గం విదేశీ బేరం పోగొట్టుకుంది, 1830లలో కంపెనీ తన వర్తకాన్నే మూసేసింది. కంపెనీకి నేసిపెట్టి బతికిన పేటలు దిక్కులేనివయ్యాయి. వర్తకం వల్ల కోలుకోవడం అటుంచి, ఉన్న కండ కూడా కరిగింది.

ఈ రెండు జవాబులకూ పరీక్ష 1832, 33ల్లో వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరువు అన్నారు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనం ఉంటే ఒకటిన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని అప్పటి లెక్క. కొండపల్లి కోట మీద కంపెనీ జెండా ఎగిరి అప్పటికి అరవై ఆరేళ్ళు. యుద్ధం లేదు, దండు లేదు, దోపిడీ మూకలు లేవు. చట్టం ఉంది, కలెక్టరున్నాడు, కోర్టుంది. అయినా పక్కనే కృష్ణ సముద్రంలోకి పోతుంటే జనం దాహంతో, ఆకలితో దారుల వెంట పడిపోయారు. యుద్ధం ఆగడం వేరు, దేశం కోలుకోవడం వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మూడో జవాబు నీరు. ఇక్కడ కోపం తెప్పించే విషయం ఒకటుంది. కృష్ణ నీళ్ళు మళ్ళించవచ్చన్న ఆలోచన కరువు తర్వాత పుట్టింది కాదు. 1790ల్లోనే కంపెనీ సర్వేయరు మైకేల్ టాపింగ్ ఈ నేలను కొలిచాడు. అదే దశకంలో కంపెనీ సైనికాధికారి బీట్సన్ బెజవాడ దగ్గర రెండు కొండల నడుమ చోటు చూశాడు. టాపింగ్ 1796లో బందరులోనే చనిపోయాడు. కాగితాలు కచేరీలో పడి ఉన్నాయి. యుద్ధాలకు డబ్బు దొరికింది, నిజాం కప్పానికి దొరికింది, కాలువకు దొరకలేదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలయ్యాక గానీ లండను పెద్దలకు కృష్ణ మీద నమ్మకం కుదరలేదు. 1852లో బెజవాడ దగ్గర పని మొదలైంది. కాటన్ పథకం, కెప్టెన్ ఓర్ చేతిపని. రెండు పక్కల కొండల రాయి పగలగొట్టి నదిలో కిలోమీటరు పొడవున దిబ్బగా పోశారు. 1855కు ఆనకట్ట నిలిచింది. బీట్సన్ చూసిన చోటే. నడుమ అరవై ఏళ్ళు, ఒక నందన కరువు.

కాటన్ గురించి ఒక మాట. ఆయన్ని మనం దొరగా చూస్తాం గానీ, తన పైవాళ్ళకు ఆయన తలనొప్పి. రైళ్ళకు పోసే డబ్బు నీళ్ళకు పొయ్యండని జీవితమంతా పోట్లాడాడు. పాలకుల్లోనే ఒక ప్రతిపక్షం ఉంటే తప్ప ప్రజలకు మేలు జరగని రోజులవి. ప్రజలకు అప్పటికింకా నోరు లేదు మరి.

కాలువ గట్టున పెరిగిన నోరు

ఆనకట్ట తర్వాత డెల్టా మారిన తీరు చెప్పుకోదగ్గది. మెట్ట పంటల చోట వరి వచ్చింది. కాలువల మీద పడవలు నడిచాయి. కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువ పట్టుకుని ధాన్యం చెన్నపట్నం చేరేది. కాలువలు, రైళ్ళు కలిసిన చోట బెజవాడ పెరిగింది, బందరు వెనకబడింది. 1859లో గుంటూరు, బందరు జిల్లాలు కలిపి కృష్ణా జిల్లా అన్నారు, నది పేరే జిల్లాకు పెట్టారు. నీటి తీరువా సర్కారు ఖజానా నింపింది. ఏలికకు లాభం, రైతుకు లాభం. ఇక పేచీ ఎందుకుంటుందని దొర అనుకున్నాడు.

పేచీ అక్కడే మొదలైంది. వరి అమ్మిన డబ్బుతో కొడుకును బందరు నోబుల్ కాలేజీకి పంపిన రైతు, ఆ కొడుకు చేతే పత్రిక చదివించుకున్నాడు. కృష్ణా పత్రిక 1902లో బందరులో పుట్టింది, ముట్నూరి కృష్ణారావు దానికి ప్రాణం. 1907లో బిపిన్ చంద్ర పాల్ బెజవాడ, బందరు వచ్చి మాట్లాడాడు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. అక్కడ పనిచేసిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశంలో గాంధీ చేతికి జెండా నమూనా ఇచ్చాడు. ఫరాసు, వలందు, ఇంగ్లీషు జెండాలు చూసిన సీమ తన జెండా తాను గీసుకుంది.

ఆ ఏడాదే పాత ఎదిరింపులు కొత్త వేషంలో తిరిగొచ్చాయి. మునిసిపాలిటీ పన్ను మోయలేమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు విడిచి, రామనగర్ అనే పాకల ఊళ్ళో పదకొండు నెలలు కాపురం చేశారు. అది రైతు కాలే. పూర్వం భయంతో రాత్రి కదిలిన కాలు ఇప్పుడు పట్టపగలు పాటలు పాడుతూ కదిలింది. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టం అన్నారు. మునసబులు, కరణాలు రాజీనామాలిచ్చారు. అది కరణం కవిలే. వందేళ్ళు సొంత ఇంటి కోసం సర్కారును ముంచిన కవిలె, ఈసారి ఊరి కోసం మూతపడింది. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపడంతో అదీ ఆగింది. 1929 ప్రాంతంలో కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తు రూపాయికి మూడణాలు పెంచబోతే ఎన్.జి. రంగా రైతుల్ని కూడగట్టాడు. అడిగింది అన్నం పెట్టిన నీటి గురించే. ఏలిక ఇచ్చిన నీరే ఏలికను అడిగే నోరైంది.

అందరికీ అందిందా?

లేదు. కాలువ ఎక్కడ ఆగిందో అదృష్టం అక్కడే ఆగింది. పల్నాడు, తిరువూరు, నందిగామ మెట్టలకు నీళ్ళు రావడానికి నాగార్జునసాగర్ దాకా, అంటే 1967 దాకా ఆగవలసి వచ్చింది. కాలువ చివరి భూములకు ఇవాళ్టికీ నీళ్ళ కోసం ఎదురుచూపే. వరి పండిన ఊళ్ళోనే కూలివాడికి సెంటు నేల లేదు. 1802 నాటి జమీలను రద్దు చేసే చట్టం 1948లో గానీ రాలేదు, ఆ పైన కూడా చల్లపల్లి లాంటి చోట్ల భూమి కోసం పోరాటం సాగింది. డెల్టా అంచున సముద్రం ఉండనే ఉంది: 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది, 1977లో దివిసీమ మళ్ళీ మునిగింది. కోలుకోవడం అనేది ఒక్కసారి ఒక్క ఆనకట్టతో పూర్తయ్యే పని కాదు.

లెక్క చూస్తే తేలేది ఇది. బందరు కోట పడినప్పటి నుంచి ఆనకట్టకు తొంభై ఆరేళ్ళు. ఆనకట్ట నుంచి శిస్తు కట్టం అని బహిరంగంగా అనడానికి అరవై ఆరేళ్ళు. నోరు లేనన్నాళ్ళూ నీరు రావడం ఆలస్యమైంది, ఎందుకంటే అడిగేవాడు లేడు. నందన కరువు నాటికి ఒక పత్రిక, ఒక సభ ఉండి ఉంటే టాపింగ్ కాగితాలు అన్నాళ్ళు దుమ్ము పట్టేవి కావు. అఫ్గానిస్థాన్‌లో తాలిబాన్లు గద్దెనెక్కిన మరుసటి ఏడే, 2022లో, అము దర్యా నుంచి 285 కిలోమీటర్ల కోష్ తెపా కాలువ తవ్వడం మొదలుపెట్టారు. ఈ విషయంలో వాళ్ళు కంపెనీకంటే చురుకు. కానీ అదే చేత్తో ఆడపిల్లల హైస్కూళ్ళు మూశారు. కాలువ తవ్వుతూ నోళ్ళు కుట్టెయ్యవచ్చనుకునే ఏలికలకు కృష్ణా డెల్టా చెప్పే సంగతి ఒకటే: కడుపు నిండిన రెండో తరం తప్పకుండా అడుగుతుంది. అడగనిస్తే ఆ మాటతో దేశం ఇంకా త్వరగా కోలుకుంటుంది.

ఓర్ కట్టిన ఆనకట్ట వందేళ్ళు నిలవబోతూ 1952లో తెగింది. దాని చోట 1954లో మొదలుపెట్టి 1957లో కొత్త బ్యారేజీ పూర్తి చేశారు. ఇవాళ 13 లక్షల ఎకరాలు దాని కింద పారుతున్నాయి. పాతది కట్టించిన సర్కారు తుపాకీకి 1928లో చెన్నపట్నం వీధిలో ఛాతీ చూపించిన ఆయన పేరే దానికి పెట్టారు: టంగుటూరి ప్రకాశం.